ఇంటి నుండి కొట్టమునకు కాంక్రీటు కాలిదారి

బైరెడ్డిపల్లె పరిసర గ్రామములలో పాడి గల యిండ్లయందు తెల్లవాఱక మునుపే యొక నడక ప్రారంభమగును. ఇంటి యాడవారు చెంబు చేతబట్టి కొట్టమునకు బోయి, పాలు పిదికి, ఆ దారినే మఱలివచ్చి, పాల కేంద్రమునకు బయలుదేరుదురు. మేత మోయుట, కుడితి పెట్టుట, పేడ యెత్తుట మొదలగు పనులన్నియు ఆ దారినే జరుగును. సాయంకాలము మఱల అంతియే. ఇంటికిని కొట్టమునకును నడుమ ముప్పదియడుగులే యున్నను, దినమునకు ఇరువది మార్లు పోయి వచ్చినచో 1,200 అడుగుల నడక యగును. సంవత్సరమునకు లెక్క వేసినచో అది 83 మైళ్లు, అనగా సుమారు 133 కిలోమీటర్లు. పెరటిలోనే యింత దూరము నడచుచున్నామని మనలో నెవరును తలపరు.

మన సీమకు నైరుతి వానలును, ఈశాన్యపు వానలును గూడ తగులును. 2021వ సంవత్సరము నవంబరు నెలలో చిత్తూరు జిల్లాయందు కురిసిన కుంభవృష్టిని ఎవరును మఱవలేదు. అంతటి వాన రాకున్నను, నాలుగు దినములు ముసురు పట్టినచో చాలును. పెరటిదారిలో మట్టియు, పేడయు, గంజళమును గలిసి అడుసగును. అందు పెద్దలు జారిపడుదురు, పిల్లల కాళ్లు పాచును, పశువుల గిట్టల సందులు పుండ్లు పడును. కావున కాంక్రీటు దారి వేసికొందమను తలంపు మంచిదే. కాని సిమెంటు తెచ్చి పోసినంతమాత్రమున అది మంచి దారి కానేరదు. ఈ సంగతిని మేము నష్టపడి నేర్చుకొంటిమి.

మా యనుభవము

కొన్ని సంవత్సరముల క్రిందట మా యింటి వెనుక తలుపు మొదలుకొని కొట్టము వఱకు ముప్పదియడుగుల దారి వేయించితిమి. ఊరూర దిరిగి రైతులకు విత్తనముల శుద్ధియు, ఎరువుల మోతాదును బోధించు మేము, మా పెరటి పనికి వచ్చుసరికి పాళ్లను కంటి కొలతకే వదలితిమి. పల్లముగ నున్న చోట చెఱువుమట్టి పూడ్చి, దానిమీదనే పోత పోయించితిమి. కలిపిన ముద్ద గట్టిగ నున్నదని కూలీలు చెప్పగా, మఱి రెండు బిందెల నీరు పోయుడని మేమే చెప్పితిమి. పైభాగము తళతళలాడవలెనని పొడి సిమెంటు చల్లించి, అద్దము వలె నునుపు చేయించితిమి. మఱునాడు పనిమీద పొరుగూరికి బోయి మూడు దినములు రాలేదు. దారిని తడిపినవారు లేరు.

చూచినవారందఱు మెచ్చుకొనిరి. ఆ మెప్పు వానకాలము వఱకే నిలిచెను. ఒకనాటి వేకువను మా తల్లిగారు పాల చెంబుతో వచ్చుచు, ఆ నునుపైన తావున జారిపడి, కుడిచేతి మణికట్టు విఱుచుకొనిరి. ఆమె పడుటకు అడుసు కారణము కాదు; మేము గర్వముతో చేయించిన నునుపే కారణము. మఱుసటి వేసవికి పూడ్చిన చోట దారి అడ్డముగ పగిలెను. పైపొర పొడియై కాలికి అంటసాగెను. తుదకు దానిని గడపారలతో పెరికించి, క్రొత్తగ వేయించితిమి. ఈ రెండవ దారి నేటికిని చెక్కు చెదరక యున్నది. రెండింటికిని వాడిన సిమెంటు ఇంచుమించు సమానమే. మఱి భేద మెచ్చట గలదో సభ్యులకు విన్నవించుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

సిమెంటు స్వభావము

సిమెంటు నేటి వస్తువు కాదు. 1824లో ఇంగ్లండు దేశమున లీడ్సు పట్టణపు తాపీపనివాడగు జోసెఫ్ ఆస్ప్‌డిన్ దీనికి పేటెంటు పొంది, పోర్ట్‌లండు రాతిని బోలియుండునని పోర్ట్‌లండు సిమెంటు అని పేరు పెట్టెను. మన దేశమున 1904లో మదరాసు నగరమునను, 1914లో గుజరాతులోని పోరుబందరునందును దీనిని తయారుచేయ మొదలిడిరి. నూఱేండ్లకు పైగ మన మధ్య నున్నను, దీని స్వభావము మనలో పెక్కురకు తెలియదు.

సిమెంటు ఎండకు ఆఱి గట్టిపడునని సామాన్యముగ తలంతురు. ఇది పొరపాటు. మట్టి గోడ ఆఱి గట్టిపడును. సిమెంటు నీటితో గలిసి, రసాయనిక మార్పు జెంది గట్టిపడును. నీటిలో ముంచియుంచినను అది గట్టిపడగలదు. నీరు లేక త్వరగ ఆఱిపోయినచో ఆ మార్పు నడుమనే ఆగిపోవును. కలుపునప్పుడు నీరు తక్కువ, పోసిన పిదప నీరు ఎక్కువ: ఈ యొక్క మాటను జ్ఞాపకముంచుకొన్నవారు సగము పని నేర్చినవారే. మేము మొదటి మాఱు దీనిని సరిగ తలక్రిందులుగ చేసితిమి.

క్రింది నేల

ఇసుకమీద ఇల్లు కట్టినవాని కథ మిషను బడిలో చదువుకొన్న మాకు కంఠస్థమే. కాని పెరటిదారికి దానిని అన్వయించుకొనుట మాత్రము చేతగాలేదు. దారి బలము మొట్టమొదట దాని క్రింది నేలయందున్నది. మన ప్రాంతపు ఎఱ్ఱ గరుసునేల ఇందుకు మిక్కిలి యనుకూలము. అది తడిసినను ఉబ్బదు, ఎండినను అంతగ ముడుచుకొనదు. చెఱువుమట్టి, బంకమట్టి, నల్లమట్టి తడికి ఉబ్బి, ఎండకు నెఱ్ఱెలు విచ్చును. వానిమీద వేసిన కాంక్రీటు ఎంత మంచిదైనను వానితోపాటు కదలి పగులును.

కాలిదారికి నాలుగంగుళముల గరుసు పరుపును, దానిమీద నాలుగంగుళముల కాంక్రీటును చాలును. పైముఖము పెరటి నేలకన్న రెండంగుళముల యెత్తున నుండవలెను. కావున ఆఱంగుళముల లోతు త్రవ్వి, గడ్డిని, వేళ్లను, పేడమట్టిని పూర్తిగ తీసివేయవలెను. బంకమట్టి తగిలిన చోట గట్టినేల దొరకువఱకు త్రవ్వి, ఆ గుంతను గరుసుతోనే నింపవలెను. గరుసును ఒక్కమాఱుగ పోయక, పలుచని వరుసలుగ పఱచి, నీళ్లు చిలకరించి, ప్రతి వరుసను దిమ్మిసతో కొట్టవలెను. మడమతో గట్టిగ ద్రొక్కినప్పుడు గుంత పడనిచో నేల సిద్ధమైనదని యెఱుగునది. నీటిగొట్టమునో, దీపపు తీగనో ముందు ముందు దారి క్రిందుగ దాటింపవలసియున్నచో, ఒక వెడల్పు గొట్టమును ఇప్పుడే అడ్డముగ పూడ్చియుంచుట మేలు. చెట్టు మొదలును ఆనుకొని దారి వేయరాదు. వేరు లావెక్కి పలకను పైకెత్తును.

వెడల్పును, వాలును

నాలుగడుగుల వెడల్పున్నచో తలపై మేతమోపు నెత్తుకొన్నవారు ఇబ్బంది లేక నడువగలరు. మూడడుగులకు తగ్గరాదు. వాననీరు దారిమీద నిలువకుండుటకు అడ్డముగ అడుగునకు పావు అంగుళము చొప్పున వాలు ఇయ్యవలెను. నాలుగడుగుల వెడల్పునకు ఒక అంగుళమగును. ఈ వాలు ఇంటి గోడ దిక్కునకు కాక, దాని కెదుటి దిక్కునకుండవలెను. గోడవైపు వాలు పెట్టినవారు పునాదికి నీరు పెట్టినట్లే. నేల మిట్టపల్లముగ నున్న చోట, మెట్లకన్న ఏటవాలు దారియే వృద్ధులకును, పాల క్యానులను దొర్లించుకొనిపోవు వారికిని సుఖము. అయితే పండ్రెండడుగుల పొడవునకు ఒక అడుగుకన్న ఎక్కువ ఎక్కుడు ఉండరాదు.

సరకులు

సిమెంటు: నేడు అంగళ్లలో తఱుచుగ దొరకునది బూడిద కలిపిన పోజొలానా సిమెంటు. దారి పనికి అది చక్కగ సరిపోవును. కాని కొంచెము నిదానముగ గట్టిపడును గనుక ఎక్కువ దినములు తడుపవలెను. సంచిమీద అచ్చు వేసిన తయారీ కాలమును చూచి కొనుడు. మూడు నెలలు నిలువయున్న సిమెంటు తన బలములో ఇంచుమించు ఐదవవంతు పోగొట్టుకొనును. ఇంటికి తెచ్చినపిదప నేలమీద పెట్టక, గోడల కానింపక, చెక్కలమీద పేర్చి కప్పి యుంచవలెను. గడ్డ కట్టినదానిని పగులగొట్టి కలుపరాదు.

ఇసుక: ఏటి యిసుకయైనను, యంత్రముచే చేసిన రాతి యిసుకయైనను పనికి వచ్చును. జల్లి యంత్రముల వద్ద మిగిలెడి రాతిపొడి మాత్రము రాతి యిసుక కాదు. చవుకయని దానిని తేరాదు. ఇసుకలో మట్టి యెంతయున్నదో తెలిసికొనుటకు ఒక గాజు సీసాలో సగము వఱకు ఇసుక వేసి, ముప్పాతిక వఱకు నీరు పోసి, చిటికెడు ఉప్పు వేసి బాగుగ కుదిపి, మూడు గంటలు కదలింపక యుంచుడు. ఇసుకమీద మట్టి వేఱుగ పేరుకొనును. నాలుగంగుళముల యిసుకమీద అంగుళములో మూడవవంతుకు మించి మట్టి తేలినచో దానిని కడిగి వాడవలెను.

జల్లి: ముప్పాతిక అంగుళపు జల్లి, అనగా 20 మిల్లీమీటర్లది, సరిపోవును. దుమ్ము పట్టినదైనచో ముందు కడుగవలెను. మన చుట్టునున్న గుట్టలన్నియు గ్రానైటు జాతి రాళ్లే గనుక, గట్టి జల్లికి మనకు కొఱత లేదు.

నీరు: త్రాగుటకు పనికివచ్చు నీరు కలుపుటకును పనికివచ్చును. పాచి పట్టిన కుంటనీరు, సబ్బునీరు, కొట్టము కడిగిన నీరు కూడదు.

పాళ్లును, లెక్కయు

కాలిదారికి ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు ఇసుక, నాలుగు పాళ్లు జల్లి చొప్పున కలుపుట చాలును. తట్టలతో కొలుచుట మోసము. ఒక్కొక్క తట్ట ఒక్కొక్క కొలత. అడుగు పొడవు, అడుగు వెడల్పు, పదునైదంగుళముల యెత్తు గల చెక్క పెట్టె నొకదానిని చేయించినచో, అందు ఒక సంచి సిమెంటునకు సమానమగు కొలత పట్టును. అప్పుడు లెక్క సులభమగును: సంచికి రెండు పెట్టెల యిసుక, నాలుగు పెట్టెల జల్లి. తడి యిసుక ఉబ్బియుండును గనుక దానిని కొలుచునప్పుడు పెట్టెను గుమ్మటముగ నింపవలెను.

ముప్పదియడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, నాలుగంగుళముల మందము గల దారికి కాంక్రీటు 40 ఘనపుటడుగులగును. దానికి వలయు సరకులు ఇవి:

సిమెంటు: ఏడుంబావు సంచులు, వృథాతో గూడ 8 సంచులు.
ఇసుక: 18 ఘనపుటడుగులు.
జల్లి: 36 ఘనపుటడుగులు.
క్రింది పరుపునకు గరుసు: కొట్టక ముందు 50 ఘనపుటడుగులు.

ఇనుప కమ్మీలు ఇట్టి దారికి అవసరము లేదు. ఆ సొమ్ముతో నేలను సరిగ కొట్టించుట మేలు.

నీటి కొలత

ఇది అన్నింటికన్న ముఖ్యమైన ప్రకరణము. 1918లో అమెరికాలోని చికాగో నగరమున డఫ్ ఏబ్రమ్స్ అను పరిశోధకుడు పెక్కు దిమ్మెలను చేసి, విఱుగగొట్టి చూచి, సిమెంటునకు నీరు ఎంత యెక్కువైన కాంక్రీటు బలము అంత తగ్గునని నిరూపించెను. సిమెంటునందలి మార్పునకు దాని బరువులో సుమారు నాలుగవవంతు నీరే చాలును. తక్కినది ముద్ద కదలుటకు మాత్రమే. ఆ యెక్కువ నీరు తరువాత ఆవిరియై పోయి, అది యున్న చోట్ల కంటికి కనబడని రంధ్రములు మిగిలిపోవును.

రాగిసంగటి కెలుకు నాడువారికి ఈ సంగతి చెప్పనక్కఱలేదు. ఎసరు ఎక్కువైన సంగటి ముద్ద కట్టదు, అంబలియై పోవును. కాంక్రీటును అంబలి చేసిన మేస్త్రికి పని సులువగును. ఇంటివారికి దారి మిగులదు. సంచి సిమెంటునకు ఇసుకలోని తడితో గూడ 32 లీటర్లకు మించరాదు. పది లీటర్ల బొక్కెనతో కొలిచినచో మూడు బొక్కెనలు, మీద రెండు లీటర్లు. ఇసుక తడిగ నున్నచో రెండున్నర బొక్కెనలే చాలవచ్చును. గట్టిగ నున్నదని కూలీలు మొఱపెట్టినను నీరు పోయుటకు ఒప్పుకొనక, కూరి సరిచేయుటకు మఱియొక మనిషిని పెట్టుడు.

పోత

దారికి ఇరుప్రక్కల నాలుగంగుళముల పలకలు నిలిపి, మూడడుగులకొక మేకు పాతి, త్రాడు కట్టి, మట్టము చూచుకొనవలెను. వాలువైపు పలక ఒక అంగుళము క్రిందుగ నుండవలెను. పలకల లోతట్టున నూనె పూసినచో తరువాత తేలికగ ఊడివచ్చును. ఇంటి గోడను తాకు చోట అర అంగుళపు సందు విడిచి, తరువాత తారుతో నింపవలెను.

ఇసుకను, సిమెంటును మట్టినేలమీద గాక రేకుమీద పోసి, రంగు ఏకమగువఱకు పొడిగనే కలిపి, జల్లి చేర్చి, పిదప నీరు కొంచెము కొంచెముగ పోయుచు తిరుగవేయవలెను. కలిపినదానిని అరగంటలో వాడవలెను. గట్టిపడసాగిన ముద్దలో మఱల నీరు పోసి కలుపుట మిక్కిలి చెడ్డ అలవాటు. పోయుటకు ముందు గరుసు పరుపును తడుపవలెను. గుంతలలో నీరు నిలువరాదు. పోసినపిదప అంచుల వెంబడి కమ్మితో పొడిచి, మట్టపుకఱ్ఱతో కొట్టుచు సమము చేయవలెను.

కాంక్రీటు ఎండకు పెరిగి, చలికి ముడుచుకొనును. దానికి మనము సందీయకున్నచో తానే ఇష్టము వచ్చిన చోట పగులును. కావున ముప్పదియడుగుల దారిని ఐదేసి అడుగుల చొప్పున ఆఱు పలకలుగ విభజించి, ఒకటి విడిచి ఒకటి పోయించుట మంచిది. విడిచినవానిని మఱునాడు పోయవచ్చును. ఒక్కమాఱే పోసినచో, పచ్చిగ నుండగానే ఐదేసి అడుగులకు అంగుళము లోతున తాపీతో అడ్డముగ గీత కోయవలెను. పగులు వచ్చినను ఆ గీతలోనే అణగియుండును.

ఒక హెచ్చరిక. తడి సిమెంటు సున్నము వలె చర్మమును కాల్చును. మంట వెంటనే తెలియదు గనుక కూలీలు ఉపేక్షింతురు; సాయంకాలమునకు పుండ్లగును. వట్టి కాళ్లతో ద్రొక్కి కలుపనీయరాదు. చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు ఇచ్చుట యజమాని ధర్మము. ఒంటికంటినచో ధారాళముగ మంచినీటితో కడుగవలెను. కంటిలో పడినచో కడుగుచునే వైద్యుని యొద్దకు తీసికొనిపోవలెను.

పైముఖము

సమము చేసినపిదప కొంతసేపు పైకి నీరు తేలి మెఱయుచుండును. ఆ మెఱుపు ఇంకిపోవువఱకు తాపీ తాకింపరాదు. పొడి సిమెంటు చల్లి ఆ నీటిని పీల్చునట్లు చేయుట పెక్కుమంది మేస్త్రీల యాచారము. దానివలన పైపొర వేఱై, కొన్నాళ్లకు పెచ్చులుగ లేచును. నీరు ఇంకినపిదప చెక్కపలకతో ఒక్కమాఱు రుద్ది, గట్టి చీపురును నడక దిక్కునకు అడ్డముగ, వాలు వెంబడి లాగవలెను. పడిన గీతలు పాదమునకు పట్టునిచ్చును. వాననీటిని ప్రక్కకు నడుపును. దారి పాదముకొఱకు గాని కన్నుకొఱకు గాదు. నునుపు కావలెనన్నచో నట్టింటిలో చేయించుకొనుడు.

తడుపుట

ఈనిన మొదటి గంటలలో జున్నుపాలు ద్రాగని దూడకు తరువాత ఎన్ని పాలు పోసినను ఆ లోటు తీరదు. కాంక్రీటునకు మొదటి దినముల తడి అట్టిది. పోసిన నాలుగైదు గంటలకు పైభాగము గట్టిపడగానే తడి గోనెసంచులు కప్పవలెను. మఱునాడు అంచులకు బంకమట్టి గట్లు కట్టి, వరిమడి వలె నీరు నిలుపవచ్చును. వాలు ఉన్నది గనుక ఐదేసి అడుగులకొక అడ్డగట్టు వేయవలెను. మనము చెప్పుకొన్న దారిపై అంగుళము లోతు నీరు నిలుపుటకు సుమారు 280 లీటర్లు చాలును. తరువాత ఇంకినదానికే పోయవలెను. బోరులో నీరు కొఱతగ నున్నవారు తడి గోనెలమీద ప్లాస్టిక్ పట్టా కప్పినచో పూటకు రెండు బిందెలతో గడుపవచ్చును.

పది దినములకు తగ్గక తడుపవలెను. పదునాలుగు దినములైన శ్రేష్ఠము. ఇంటివారెవరును ఊరికి పోనక్కఱలేని దినములను చూచుకొని పని మొదలుపెట్టుడు. వానలు వెనుకబట్టిన పిదప డిసెంబరు చివర మొదలు ఫిబ్రవరి వఱకు మన ప్రాంతమున దీనికి తగిన కాలము. వేసవిలో తప్పనిసరియైనచో ఎండ తగ్గిన పిదప పోయవలెను.

ప్రక్క పలకలను రెండు దినములకు తీయవచ్చును. మూడవ దినము మొదలు మనుష్యులు మెల్లగ నడువవచ్చును. పశువులను పదునాలుగు దినముల వఱకును, ట్రాక్టరును ఇరువదియెనిమిది దినముల వఱకును దానిపై రానీయరాదు.

పశువులు నడచు దారి

పుంగనూరు ఆవు చిన్నది, తేలికైనది. కాని నేడు మన కొట్టములలో నున్నవి చాలవఱకు బరువైన సంకరజాతి ఆవులు. అవి నిత్యము నడచు దారికి మందము ఐదంగుళములుండవలెను. పాళ్లు ఒకటి, ఒకటిన్నర, మూడు చొప్పున కలుపవలెను. పైన చెప్పిన పొడవు వెడల్పులకే 12 సంచుల సిమెంటు, 21 ఘనపుటడుగుల యిసుక, 42 ఘనపుటడుగుల జల్లి కావలెను. లోతును ఒక అంగుళము ఎక్కువగ త్రవ్వవలెను. చీపురుగీతలు గిట్టకు చాలవు. పచ్చిగ నుండగానే నాలుగేసి అంగుళముల దూరమున అర అంగుళపు గాళ్లు అడ్డముగ వేయవలెను. గాళ్ల యంచులు కత్తివలె నుండరాదు. క్రొత్త కాంక్రీటు గిట్టలను అరగదీయును, దాని సున్నపు ఘాటు కాల్చును. కావున పశువులను తోలుటకు ముందు దారిని మట్టపురాతితో ఒక్కమాఱు రుద్ది, రెండు మూడు మార్లు కడుగవలెను. ఈనమోపుగ నున్న యావు జారిపడినచో కలుగు నష్టము ఎన్ని సంచుల సిమెంటునకు సమానమో పాడి గలవారికి తెలియును.

రాతిబండల మాట

కాంక్రీటే సర్వము అని మా యభిప్రాయము కాదు. రాతి కూసములు, బండలు మన ప్రాంతమున పూర్వమునుండి వాడుకలో నున్నవే. గరుకైన గ్రానైటు బండలు దగ్గఱలో చవుకగ దొరకువారు వానినే దారిగ పఱచుకొనవచ్చును. గరుసు పరుపును, వాలును వానికిని సమానమే. అవి పగిలినను ఒక్కదానిని తీసి మార్చవచ్చును; పది దినములు తడుపనక్కఱలేదు. మెఱుగు పెట్టిన కడప బండలు మాత్రము వాన తగులు చోట పఱువరాదు. అవి తడిసినచో మా మొదటి దారికి అన్నదమ్ములే.

సంఘము చేయదగినది

కొలత పెట్టె, ప్రక్క పలకలు, దిమ్మిస, మట్టపుకఱ్ఱ: ఇవి ఒక్కొక్క యింటికి ఒక్కదినపు పని చేసి, తరువాత అటకమీద పడియుండును. గ్రామమున పదిమంది సభ్యులు కలిసి ఒక్క జత చేయించుకొని, సంఘమునందుంచి, వంతులవారీగ వాడుకొనవచ్చును. సిమెంటును, జల్లిని గూడ నలుగురు కలిసి యొక్కమాఱే తెప్పించుకొన్నచో బండి బాడుగ తగ్గును. సిమెంటు నిలువయుండి చెడదు. ఒకరి దారి పోయునాడు తక్కినవారు వచ్చి చూచినచో, ఒకరి తప్పు ఇంకొకరికి పాఠమగును. మా తప్పును ఇందు దాచక వ్రాయుటకు కారణమును అదియే.

మా తల్లిగారు నేడు రెండవ దారిమీద తోడు లేకయే నడచుచున్నారు. పాల చెంబు మాత్రము ఎడమచేతికి మాఱినది. మఱల కుడిచేతికి రాలేదు. పైకి కనబడని నేల, కొలిచి పోసిన నీరు, గరుకైన ముఖము, పది దినముల యోర్పు: ఈ నాలుగింటిని సభ్యులు మొదటి మాఱే పాటించి, మాకు కలిగిన నష్టము తమ యిండ్లలో కలుగకుండ చూచుకొందురుగాక యని మా మనవి.